చెక్క నేలా, చెక్కలాంటి నేలా?

కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నవారు, పాత ఇంటికి మరమ్మతులు తలపెట్టినవారు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. “పడకగదికి చెక్క ఫ్లోరింగు వేయించాలనుకుంటున్నాం. లామినేట్ మంచిదా, ఇంజనీర్డ్ వుడ్ మంచిదా?” ఇది మేస్త్రీని అడగవలసిన ప్రశ్నేగాని వైద్యుణ్ణి అడగవలసింది కాదని కొందరికి తోచవచ్చు. కాని మనం రోజుకు ఎనిమిది గంటలు పడుకునే గదిలో, పసిపిల్ల పాకే చోట, తాతగారు అర్ధరాత్రి లేచి నడిచే దారిలో ఏ వస్తువు పరుస్తున్నామన్నది ఆరోగ్య విషయమే. మనం పీల్చే గాలితోను, పాదం కింది పట్టుతోను దానికి సంబంధం ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఆరోగ్యదృష్టితో చూస్తే ఈ రెండింటి మధ్య అమ్మకందారు చెప్పినంత వ్యత్యాసం లేదు. “ఇది అసలు చెక్క, కాబట్టి ఆరోగ్యకరం, అది కాగితం, కాబట్టి హానికరం” అన్న మాటలో సగమే నిజం. ఏది ఎంచుకున్నా మూడు విషయాలు విచారించాలి: దానిలోని జిగురు ఎటువంటిది, ఇంట్లోని తేమ ఎంత, దానిమీద కాలు జారుతుందా లేదా. ఇంట్లో అరవై దాటినవారు ఉంటే, ఈ రెండింటి ధరలోని తేడాను పడకగది నేల మీద కాక స్నానాలగది మీద ఖర్చుపెట్టమని నా సలహా.

ఈ రెండూ అసలు ఏమిటి?

లామినేట్ అంటే చెక్కనారను జిగురు కలిపి, వేడిమీద గట్టిగా అదిమి తయారుచేసిన పలక. దాని మీద చెక్క ఛాయాచిత్రం ముద్రించిన కాగితం ఉంటుంది. ఆ పైన మెలమైన్ రెసిన్, అల్యూమినియం ఆక్సైడ్ కలిసిన గట్టి పారదర్శకమైన పొర ఉంటుంది. మొత్తం మందం సాధారణంగా 7 నుంచి 12 మిల్లీమీటర్లు. స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ సంస్థ 1977లో దీన్ని రూపొందించింది. మనం చూసే టేకు గీతలు, ఓక్ గీతలు అన్నీ ముద్రణే.

ఇంజనీర్డ్ వుడ్‌లో పైపొర మాత్రం నిజమైన చెక్క. అది ఒక మిల్లీమీటరు లోపు నుంచి ఆరు మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. ఆ పొర కింద ప్లైవుడ్డో, లామినేట్‌లో వాడిన నారపలకో ఉంటుంది. పైపొర మందంగా ఉంటే కొన్నేళ్ళకు ఒకసారి గీకించి మళ్ళీ పాలిష్ పెట్టించుకోవచ్చు. లామినేట్‌కు ఆ అవకాశం లేదు; అరిగితే తీసి పారేయవలసిందే. ధర కూడా ఇంజనీర్డ్ వుడ్‌దే బాగా ఎక్కువ. తరచుగా రెట్టింపు, అంతకు పైన కూడా ఉంటుంది.

పాఠకులు ఇక్కడ గమనించవలసింది ఒకటే. రెండింటిలోను జిగురు ఉంది. పైన కనిపించే అందాన్ని బట్టి కింద ఏముందో నిర్ణయించలేం.

గాలి సంగతి

నారపలకల్లో, చౌక ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. ఇది పూర్తిగా గట్టిపడినట్లు కనిపించినా నెలల తరబడి, కొంతవరకు ఏళ్ళ తరబడి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతూనే ఉంటుంది. కొత్త బీరువా తలుపు తెరిస్తే కళ్ళు మండించే ఘాటులో దీని పాలు పెద్దది. కళ్ళు, ముక్కు, గొంతు మండటం, దగ్గు, ఉబ్బసం ఉన్నవారిలో ఆయాసం పెరగడం దీని తక్షణ ఫలితాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అయితే ఈ వర్గీకరణ చెప్పేది హాని చేయగల స్వభావం ఉందని మాత్రమే. మీ ఇంట్లో ఎంత ప్రమాదం ఉందన్నది మోతాదును బట్టి ఉంటుంది.

మోతాదు గురించి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం మనకు ఉపయోగపడుతుంది. చైనాలో తయారైన ఒక రకం లామినేట్ పలకలు నిర్ణీత పరిమితికి మించి ఫార్మాల్డిహైడ్ వదులుతున్నాయని 2015 మార్చిలో అక్కడి టెలివిజన్ కార్యక్రమం ఒకటి బయటపెట్టింది. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కలు కట్టి, 2016 ఫిబ్రవరిలో ఒక నివేదిక ఇచ్చింది. కొద్దిరోజులకే దాన్ని సవరించవలసి వచ్చింది. గది ఎత్తును లెక్కలోకి తీసుకోవడంలో పొరపాటు దొర్లింది. జీవితకాలం ఆ గాలి పీల్చిన లక్షమందిలో అదనంగా 2 నుంచి 9 మందికి క్యాన్సర్ రావచ్చని మొదట చెప్పినది, సవరణ తరువాత 6 నుంచి 30 మంది అయింది. ఆ అంచనా ప్రమాదాన్ని ఎక్కువగా చూపే ఊహల మీద కట్టినదేనని వారే చెప్పారు. భయపడి పలకలు పీకివేయవలసినంత సంఖ్య కాదు అది. అలాగని పట్టించుకోకుండా వదలవలసినదీ కాదు. కళ్ళమంట, ఆయాసం వంటి ఇబ్బందులు మాత్రం పసివారికి, పెద్దవయసువారికి, ఉబ్బసం ఉన్నవారికి ఎక్కువగా కలగవచ్చని ఆ నివేదిక స్పష్టంగానే చెప్పింది.

ఈ విషయంలో కొలతలు ఉన్నాయి. ఐరోపాలో ‘ఈ1’ అనే శ్రేణి ఉంది. పరీక్షపెట్టెలోని గాలిలో ఘనమీటరుకు 0.124 మిల్లీగ్రాములకు మించకూడదని దాని నియమం. కాలిఫోర్నియా వాయు సంరక్షణ మండలి పెట్టిన నిబంధనల రెండవ దశను, అదే బాటలో అమెరికా కేంద్ర ప్రభుత్వం 2010లో చేసిన చట్టాన్ని అనుసరించిన పలకల మీద ‘కార్బ్ ఫేజ్ 2’ అనో, ‘టీఎస్‌సీఏ టైటిల్ 6’ అనో ముద్ర ఉంటుంది. ఇంటిలోపలి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించిన హద్దు, ఏ అరగంటలోనైనా సగటున ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము.

అయితే ఆ ముద్రలు మన వాతావరణంలో ఇచ్చే భరోసా ఎంత? ఈ1 పరీక్ష 23 డిగ్రీల వేడిలో, 45 శాతం గాలితేమలో జరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో మూసి ఉంచిన గది ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. వేడి, తేమ పెరిగేకొద్దీ ఈ వాయువు విడుదల పెరుగుతుంది. పరీక్షపెట్టెలో గంటకు ఒకసారి గాలి పూర్తిగా మారుతుంది. తలుపులు, కిటికీలు బిగించి స్ప్లిట్ ఏసీ వేసుకున్న పడకగదిలో అలా మారదు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయటి గాలిని తీసుకురాదు.

మనకు అనుకూలమైన అంశం కూడా ఒకటుంది. పరీక్షపెట్టెలో ప్రతి ఘనమీటరు గాలికి ఒక చదరపు మీటరు పలక పెడతారు. మూడు మీటర్ల ఎత్తున్న గదిలో నేల ఒక్కటే లెక్కవేస్తే, ఘనమీటరు గాలికి మూడవవంతు చదరపు మీటరే వస్తుంది. కాని ఆ గదిలో నేలతోపాటు గోడపొడవునా వార్డ్‌రోబు, మంచం, టీవీ పలక, అటకల తలుపులు కూడా ఇదే జాతి పలకలతో చేయించి ఉంటే లెక్క మారిపోతుంది. నేల గురించి ఎంతో విచారించి, వార్డ్‌రోబుకు ఏ పలక వాడారో అడగని గృహస్థులు చాలామంది.

ఇక్కడే మన ఆచారంలోని ఒక చిక్కు చెప్పాలి. గృహప్రవేశ ముహూర్తం ముందే ఖరారవుతుంది. పని ఎప్పుడూ ఆలస్యమవుతుంది. ముహూర్తానికి ముందురోజు రాత్రి దాకా పలకలు కోస్తూనే ఉంటారు. తెల్లవారుజామున పాలు పొంగిస్తారు, ఆ రాత్రి పిల్లలతో సహా అందరూ కొత్త ఇంట్లోనే నిద్రచేస్తారు. వాయువు విడుదల అత్యధికంగా ఉండే కాలం అదే. దయచేసి నేల, బీరువాల పని ముహూర్తానికి కనీసం నెల రోజుల ముందు పూర్తయ్యేలా చూడండి. ఆ నెలంతా పగటిపూట కిటికీలు, బీరువా తలుపులు తెరిచి ఉంచండి. దీనికి ఖర్చేమీ లేదు. ఏ ఖరీదైన గాలిశుద్ధి యంత్రం కన్నా ఇది మేలు.

ఇంజనీర్డ్ వుడ్ విషయంలో అదనంగా రెండు జాగ్రత్తలు. మొదటిది, పాలిష్ ఫ్యాక్టరీలోనే అతినీలలోహిత కిరణాలతో ఆరబెట్టినదై ఉంటే మంచిది. ఇంట్లో పాలిష్ పూస్తే ఆ ద్రావకాల ఆవిరి అంతా మీ గదిలోనే తేలుతుంది. రెండవది, పలకలను సిమెంటు నేలకు అంటించే జిగురు. కొన్ని పాలియురేతేన్ పాలిష్‌లలో, జిగుర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. పనిచోట్ల ఉబ్బసం తెప్పించే రసాయనాలలో ఇవి వైద్యలోకానికి బాగా తెలిసినవి. జిగురు లేకుండా ఒకదానికొకటి బిగించుకునే పలకలు దొరుకుతున్నప్పుడు అవే ఎంచుకోవడం ఉత్తమం.

నీటి సంగతి

చల్లని దేశాల వారు చెప్పులు బయట విడిచి, పొడిగా ఊడ్చుకునే ఇళ్ళ కోసం పుట్టిన నేల ఇది. మన ఇళ్ళలో రోజూ తడిగుడ్డ పెట్టడం అలవాటు. బకెట్టులో ఫినాయిల్ కలిపి, సగం పిండిన గుడ్డతో నేలంతా తుడిస్తేగాని ఇల్లు శుభ్రమైనట్లు అనిపించదు. పండుగనాడు కాళ్ళు కడుక్కుని తడికాళ్ళతో లోపలికి వస్తాం. లామినేట్ పైపొర నీటిని ఆపుతుందిగాని, పలకల అతుకుల్లోకి దిగిన నీరు లోపలి నారను ఉబ్బిస్తుంది. ఒకసారి ఉబ్బిన అంచు మళ్ళీ అణగదు. ఇంజనీర్డ్ వుడ్ కూడా నిలువ నీటిని ఓర్చుకోదు. పలకలు అంచులు లేచి దోనెల్లా వంగుతాయి.

ఆరోగ్యానికి సంబంధించిన భాగం దీని తరువాత మొదలవుతుంది. పలకకు, సిమెంటు నేలకు మధ్య చేరిన తేమ ఆరే దారి ఉండదు. అక్కడ బూజు పడుతుంది. పైనుంచి ఏమీ కనిపించదు. ముక్కిన వాసన మాత్రం వస్తుంది. ఇంటిలోని తేమకు, బూజుకు, ఉబ్బసం వంటి శ్వాసరోగాలకు ఉన్న సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లో విపులంగానే చెప్పింది. కాబట్టి నేల చెమ్మగిల్లే కింది అంతస్తు ఇళ్ళలో, స్లాబు ఆరీ ఆరకముందే తాళాలు ఇచ్చేస్తున్న కొత్త ఫ్లాట్లలో, స్నానాలగది గోడ చెమర్చే గదుల్లో ఈ రెండూ వద్దనే నా మాట. వంటగది, పూజగది, స్నానాలగది గుమ్మం ముందు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చెదల మాట కూడా మరవరాదు. మన నేలల్లో చెద సహజం. చెక్క పరిచిన తరువాత చెద కనబడితే మందు కొట్టించక తప్పదు. చెదమందుల్లో మన దగ్గర విరివిగా వాడుతూ వచ్చిన క్లోరోపైరిఫాస్‌కు ఇళ్ళలో దాదాపు అన్ని వాడకాలనూ అమెరికా 2001 చివరినాటికే నిలిపివేసింది. పిల్లల నాడీమండలం మీద దాని ప్రభావమే అందుకు కారణం. పసిపిల్లలు పాకే గదిలో ఆ అవసరం రాకుండా చూసుకోవడమే తెలివి.

బేతంచర్ల, తాండూరు, కడప రాళ్ళు మన పక్కనే దొరుకుతాయి. నాపరాయి పరిచిన ఇంట్లో జిగురు లేదు, చెద లేదు, నీటికి భయం లేదు. మెరుగు ఎక్కువ పెట్టించకపోతే కాలికి పట్టూ ఉంటుంది. ‘చల్లని రాతినేల మీద నడిస్తే కీళ్ళవాతం వస్తుంది’ అన్న మాట విని చెక్క వైపు మొగ్గేవారున్నారు. చల్లని నేల వల్ల కీళ్ళజబ్బు రాదు. ఉన్న నొప్పి చలికి ఎక్కువగా తెలియవచ్చు. దానికి ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పుల జత చాలు.

జారుడు సంగతి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. వారిలో అరవై ఏళ్ళు దాటినవారే ఎక్కువ. పెద్దవయసులో తుంటి ఎముక విరిగితే అది ఎముకతో పోయే బాధ కాదు. మంచాన పడటం, ఒంటికి పుండ్లు పడటం, ఊపిరితిత్తులకు నెమ్ము చేరడం, కాలిసిరల్లో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తుంటి విరిగిన వృద్ధులలో ఏడాది తిరిగేలోపు అయిదుగురిలో ఒకరికి అటూ ఇటుగా కన్నుమూస్తారు. బతికినవారిలో చాలామంది మునుపటిలా తమంతట తాము నడవలేరు.

“చెక్కనేల మెత్తన, పడ్డా దెబ్బ తగలదు” అని అమ్మకందారు చెప్పవచ్చు. ఇందులో ఒక చిన్న నిజం ఉంది. ఇంగ్లండులోని వృద్ధాశ్రమాల్లో జరిపిన ఒక పరిశీలన 2004లో వెలువడింది. కాంక్రీటు మీది నేలల కన్నా, అడుగున చెక్క ఉన్న నేలల మీద పడినవారికి తుంటి విరగడం తక్కువగా ఉందని అందులో తేలింది. కాని అక్కడి నేల అడుగంతా చెక్కే. బరువు పడితే కొద్దిగా వంగుతుంది. మన ఫ్లాట్లలో చెక్క కింద ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్ల నురగపొర, దాని కింద స్లాబు. పడిన మనిషి తుంటికి తగిలేది ఆ స్లాబే. కెనడాలోని ఒక వృద్ధాశ్రమంలో 150 గదులు తీసుకుని, కొన్నింటిలో ప్రత్యేకమైన మెత్తని పొర, మిగిలినవాటిలో గట్టి ప్లైవుడ్ వేసి నాలుగేళ్ళు గమనించారు. మెత్తని పొర వల్ల తీవ్రమైన గాయాలు తగ్గలేదని 2019లో ప్రకటించారు. కాబట్టి పడ్డాక కాపాడే నేల కోసం వెతకడం కన్నా, పడకుండా చూసే ఏర్పాట్లు చేసుకోవడం మేలు.

ఆ ఏర్పాట్లలో పడకగది నేల పాత్ర కొంతే. అద్దంలా మెరిసే లామినేట్‌గాని, మెరుగుపెట్టిన ఇంజనీర్డ్ వుడ్‌గాని వద్దు. గరుకు తెలిసే మాట్ రకం తీసుకోండి. ఆ నేల మీద వదులుగా పరిచిన చిన్న తివాచీ, గుమ్మం దగ్గరి పట్టా కాలి కింద నుంచి జారిపోతాయి. తీసివేయండి, లేదా కింద రబ్బరు జాలీ వేయండి. వృద్ధులు జారిపడే స్థలం ఎక్కువగా స్నానాలగది, అక్కడికి వెళ్ళే దారి. స్నానాలగది టైల్స్ మీద జారుడు నిరోధాన్ని ఆర్9 నుంచి ఆర్13 వరకు సూచిస్తారు. ఆర్10కి తగ్గకుండా, వీలైతే ఆర్11 తీసుకోండి. కమోడు పక్కన, షవరు కింద గోడకు పట్టుకునే కడ్డీలు బిగించండి. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా వెలిగే జీరో బల్బు పెట్టండి. గడప ఎత్తుగా ఉంటే వాలు చేయించండి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకూ ఒక మాట. మీ ఇళ్ళలో ఈ చెక్కనేలలు సర్వసాధారణం. మీ అమ్మానాన్నలు ఆరు నెలలకు అక్కడికి వస్తారు. పుట్టినప్పటి నుంచి వట్టికాళ్ళతో ఇంట్లో తిరిగినవారు చలికి సాక్సులు వేసుకుని, అలవాటు లేని చెక్కమెట్లు దిగుతారు. నున్నని చెక్క మీద నూలు సాక్సు జారినంతగా వట్టి పాదం జారదు. అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సులో, వెనుక మడమ పట్టే ఇంటిచెప్పులో వారు విమానం దిగేసరికి కొని ఉంచండి. ఆ దేశంలో తుంటి శస్త్రచికిత్స ఖర్చు ఎంతో మీకు తెలుసు.

పనివారి ఊపిరితిత్తులు

ఈ చర్చల్లో ఎవరూ తలవని మనుషులు ఒకరున్నారు. మీ గదిలో కూర్చుని రోజంతా ఆ పలకలు కోసే వడ్రంగి, అతని సహాయకుడు. రంపపు పొడిని కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలోనే ఉంచింది. నారపలకల పొడిలో జిగురు కూడా కలిసి ఉంటుంది. టైల్స్, రాళ్ళు కోసేటప్పుడు లేచే ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ తెస్తుంది. లక్షలు పోసి నేల వేయించుకుంటున్నప్పుడు, కోత పని బాల్కనీలోనో ఆరుబయటో జరిగేలా చూడటం, ధూళిని ఆపగల ఎన్95 మాస్కులు నాలుగు కొనిపెట్టడం గృహస్థుని ధర్మం. వారు వద్దన్నా ఒకసారి పట్టుబట్టండి.

కొనేముందు అడగవలసినవి

పెట్టె మీద ఈ1, కార్బ్ ఫేజ్ 2, టీఎస్‌సీఏ టైటిల్ 6 వీటిలో ఏదైనా ముద్ర ఉందా? దుకాణదారు నోటిమాట కాదు, ముద్ర చూపించాలి. ‘ఏసీ3’, ‘ఏసీ4’ అని ఉండే అంకెలు అరుగుదలకు సంబంధించినవి మాత్రమే. వాయువు గురించి అవేమీ చెప్పవు.

ఇంజనీర్డ్ వుడ్ అయితే పైపొర మందం ఎంత? మిల్లీమీటరు లోపు పొరకు లామినేట్‌కు రెట్టింపు ధర పెట్టడంలో అర్థం లేదు. దాన్ని గీకించి పునరుద్ధరించడం కుదరదు. లోపలి పలక ఏ జిగురుతో చేసినది?

స్లాబు ఆరిందా? చదరపు మీటరు పాలిథిన్ షీటును నేలకు నాలుగు అంచులా టేపుతో అంటించి మర్నాడు చూడండి. కింద చెమ్మ పట్టిందంటే ఇంకా ఆగాలి.

రోజూ పొడిగా తుడిచి, వారానికి ఒకసారి గట్టిగా పిండిన గుడ్డతో సరిపెట్టుకోవడానికి మీ ఇల్లు ఒప్పుకుంటుందా? ఈ ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు. పనిమనిషిని, ఇంటి పెద్దావిడను అడగాలి.

ఇన్నీ విచారించాక కూడా చెక్కనేల కావాలనిపిస్తే, పై అంతస్తులో పొడిగా ఉండే పడకగదికి ముద్ర ఉన్న మాట్ లామినేట్ చాలునని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ళు అదే ఇంట్లో ఉండే ఉద్దేశం, నాలుగు మిల్లీమీటర్ల పైపొర కొనే స్తోమత ఉన్నవారికి ఇంజనీర్డ్ వుడ్ మంచి ఎంపికే. మిగిలినవారు ఆ తేడా సొమ్ముతో ముందు స్నానాలగదిలో కడ్డీలు బిగించండి. కడ్డీ ఇంటి అందాన్ని చెడగొడుతుందని కొందరు సంకోచిస్తారు. గోడకు నాలుగు చిల్లులు పడతాయంతే. ఆసరా లేక పడిన మనిషికి విరిగేది తుంటి. కొలతలు తీసుకోవడానికి మేస్త్రీ వచ్చిన రోజునే ఆ పని కూడా చెప్పేయండి. తరువాత చూద్దామనుకుంటే అది ఎప్పటికీ జరగదు.